ఆ రంగు షీటు ఉన్ని కాదు. చీటీ మీద ఉన్ని అని రాస్తే అది మోసమే

అందరికీ నమస్కారం. బీచ్ రోడ్డు హస్తకళల అమ్మకం గురించి విశాఖలో నడుస్తున్న గొడవ మీకు తెలిసిందే కనుక ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళతాను: "చేతితో చేసిన ఉన్ని చిత్రం" అని చీటీ తగిలించి వేల రూపాయలకు అమ్మిన సముద్ర దృశ్యాన్ని ఇంటికి తీసుకువెళ్ళి ఫ్రేము విప్పి చూస్తే, జిగురుతో అతికించిన రంగు షీటు ముక్కలు బయటపడ్డాయి. అడిగినందుకు అమ్మినవారు "ఫెల్ట్ (ఒత్తి బిగించిన ఉన్ని గుడ్డ) అంటే ఇదేనండీ" అన్నారు. కాదు, ముమ్మాటికీ కాదు.

మన ఫ్యాన్సీ దుకాణాలలో దొరికే ఆ చవక షీట్లు చాలావరకు యాక్రిలిక్ లేదా పాలిస్టర్ వంటి కృత్రిమ పోగులతో యంత్రం మీద తయారైనవి. ఉన్ని సంగతి పూర్తిగా వేరు. ఉన్ని పోగు మీద చేప పొలుసుల వంటి సన్నని పొరలు ఉంటాయి. వేడి సబ్బునీటితో తడిపి చేతులతో రుద్దుతూ ఉంటే ఆ పొరలు ఒకదానిలో ఒకటి చిక్కుకొని, పోగులన్నీ దగ్గరకు కుంచించుకుపోయి, మళ్ళీ విడదీయడానికి వీలులేని దట్టమైన గుడ్డగా మారతాయి. అసలైన ఫెల్ట్ అంటే అదే. మగ్గం లేదు, దారం లేదు, జిగురు అసలే లేదు. యాక్రిలిక్‌ను సాయంత్రం దాకా రుద్దినా ఆ విధంగా బిగుసుకోదు, ఎందుకంటే దానికి ఆ పొలుసులే లేవు.

"కత్తిరించి అతికించడం కూడా కళే కదా" అని కొందరు వాదిస్తున్నారు. కత్తిరించడాన్ని నేను ఎన్నడూ తప్పుపట్టలేదు. ఆల్తాయ్ పర్వతాలలోని పజిరిక్ సమాధుల మంచులో దొరికి, నేడు సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్న, రెండు వేల ఏళ్ళకు పైబడిన రౌతు బొమ్మల తెర కూడా కత్తిరించిన ఫెల్ట్ ముక్కలను కుట్టి చేసినదే. 2012లో యునెస్కో తక్షణం కాపాడవలసిన వారసత్వంగా గుర్తించిన కిర్గిజ్ షిర్దాక్ తివాచీలూ అటువంటివే. అయితే ఆ ముక్కలన్నీ ఉన్నివి, వాటి వెనుక గంటల తరబడి చేతులు పడిన శ్రమ ఉంది.

ఈ అయోమయానికి మూలం మన బడులలోనే ఉందని నా గట్టి నమ్మకం. మూడో తరగతి నుంచి ప్రాజెక్టు వర్కు పేరుతో పిల్లల చేత షీటు కొనిపించి, పువ్వు కత్తిరింపజేసి, ఫెవికాల్‌తో అంటింపజేసి "ఫెల్ట్ క్రాఫ్ట్" అని మార్కులు వేస్తున్నాము. ఆ పిల్లలే పెద్దవారై ఎం.వి.పి. కాలనీలో ఎవరో అమ్మాయి సూదితో పొడిచి పొడిచి చేసిన చిత్రాన్ని చూసి "రెండు వందలకు ఇస్తారా" అని అడుగుతున్నారు!

సబ్బునీళ్ళకు బదులు సూదితోనే ఉన్ని పోగులను బిగించే ఈ పని ఎలా ఉంటుందో తెలిస్తే ఆ మాట నోటికి రాదు. 1980ల నుంచి కళాకారుల చేతికి వచ్చిన ఈ సూది నిజానికి కర్మాగారాల యంత్రాలది. దాని అంచుల మీద కంటికి కనబడీ కనబడని గాట్లు ఉంటాయి. స్పాంజి దిమ్మ మీద ఉన్ని పరచి పొడిచిన ప్రతిసారీ ఆ గాట్లు నాలుగు పోగులను లోపలికి లాగుతాయి. చేయి కాస్త పక్కకు వాలిందా, సూది పుటుక్కున విరుగుతుంది. అలా చేసిన కెరటం అంచున నీలం పోగులు తెల్లని నురుగులోకి పాకుతాయి. కత్తెరతో కోసిన అంచుకు ఆ కలయిక రాదు.

"విశాఖకు ఉన్నితో ఏం పని" అని వెక్కిరించేవారికీ జవాబు ఉంది. నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, ఉన్నది వెంట్రుకే, నిజమే. కాని తెలంగాణ, రాయలసీమ పల్లెలలో దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో గొంగళ్ళు నేసి, చింతగింజల గంజి పట్టించిన తెలుగువారికి ఉన్ని పరాయిది ఎలా అవుతుంది?

కనుక కొనేటప్పుడు వెనుక అట్ట తీసి చూపించమని అడగండి. సూదితో చేసిన చిత్రమైతే ముందున్న రంగులు వెనుకకు నూగులా పొడుచుకువచ్చి ఉంటాయి. అప్పటికీ అనుమానం తీరకపోతే ఒక్క పోగు ఇవ్వమని అడిగి, బయటకు తెచ్చి కాల్చండి: ఉన్ని అయితే జుట్టు కాలిన వాసనతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది, యాక్రిలిక్ అయితే కరిగి గట్టి నల్లపూసగా మారుతుంది. షీటు బొమ్మను షీటు ధరకు అమ్ముకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు; ఉన్ని పేరు చెప్పి తీసుకున్న డబ్బు మాత్రం కొన్నవారికి తిరిగి ఇవ్వవలసిందే.