కండోమ్ ఎవరు అడగాలి?

శ్రోతలకు నమస్కారం. హెచ్‌ఐవి నివారణ అనగానే మనవాళ్లు జాగ్రత్తలన్నీ సెక్స్ వర్కర్లకే చెబుతారు. డబ్బిచ్చి వెళ్లే మగవాడి జోలికి పెద్దగా పోరు. తీరా కండోమ్ తొడుక్కోవలసింది ఆయనే. అందుకే ఈ పూట ఆయన కూడా రేడియో దగ్గరే ఉన్నాడనుకుని మాట్లాడతాను.

మన దేశంలో హెచ్‌ఐవి మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. డాక్టర్ సునీతి సోలమన్, ఆమె దగ్గర చదువుకుంటున్న నిర్మల కలిసి చేసిన పరీక్షల్లో కొందరు సెక్స్ వర్కర్ల రక్తంలో అది కనబడింది. అప్పటినుంచీ అందరూ వాళ్లనే వేలెత్తి చూపారు. వాళ్లకు అది ఎవరు అంటించారని మాత్రం అడిగిందెవరు?

కోల్‌కతాలో సెక్స్ వర్కర్లుండే పెద్ద వాడ సోనాగాచి. అక్కడ 1992లో డాక్టర్ స్మరజిత్ జానా హెచ్‌ఐవి నివారణ పని మొదలుపెట్టేసరికి అక్కడ కండోమ్ వాడకం 3 శాతం కూడా లేదు. తెలియక వాడట్లేదని అనుకోవడం తేలిక. కానీ అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. గది అద్దె కట్టాలి, వడ్డీ వ్యాపారికి కట్టాలి, పిల్లలకు తిండి పెట్టాలి. కండోమ్ వద్దన్న కస్టమర్‌ని పొమ్మంటే పక్క గదికి పోతాడు. పైగా అది లేకుండా అయితే ఇంకో వంద ఎక్కువిస్తానంటాడు. ఏళ్ల తర్వాత వచ్చే జబ్బు సంగతి ఆ రాత్రికి ఎవరికి గుర్తుంటుంది?

అందుకని ఆ మహిళల్లోనే కొందరికి శిక్షణ ఇచ్చి, కండోమ్ సంగతి చెప్పడానికి గది గదికీ పంపారు. 1995లో వాళ్లే ఉష అనే సహకార సంఘం పెట్టుకున్నారు. రిజిస్ట్రేషన్‌కి వెళితే సభ్యులకు సత్ప్రవర్తన ఉండాలన్న నిబంధన అడ్డొచ్చింది. గృహిణులని రాసుకోండి, సరిపోతుందన్నారు. వాళ్లు ససేమిరా అన్నారు. చివరికి నిబంధననే సవరించాల్సి వచ్చింది! తక్కువ వడ్డీకి అప్పు పుట్టాక, ఒక కస్టమర్ వెనక్కి పోయినా ఇల్లు గడుస్తుందన్న ధీమా వచ్చింది. పక్క గదిలోనూ అదే మాట చెబుతుంటే అతనెక్కడికి పోతాడు? ఆ దశాబ్దం చివరికి వాడకం 80 శాతం దాటింది.

మన తెలుగు జిల్లాల్లో అంత పెద్ద వాడలు అరుదు. లాడ్జీలు, హైవే పక్కలు, మామూలు ఇళ్లు. ఇప్పుడైతే బేరం సెల్‌ఫోన్‌లోనే అయిపోతుంది. ఇక్కడ ఆమె ఒంటరిది, సోనాగాచిలోలా వెనక నిలబడే వీధి లేదు. తాగి వచ్చినవాడితో వాదిస్తే దెబ్బలు కూడా తినాలి. కాబట్టి అయ్యా, ఆమె అడిగేదాకా ఆగకండి. మీదే మీరు తెచ్చుకోండి.

మనిషి ఆరోగ్యంగా కనిపిస్తోంది కదా అంటారా? హెచ్‌ఐవి ఏళ్ల తరబడి పైకి కనబడదు. మర్మాంగాల దగ్గర పుండ్లు, స్రావాలు ఉంటే సోకే అవకాశం ఇంకా పెరుగుతుంది. వాటికి సురక్ష క్లినిక్‌లో ఉచితంగా వైద్యం చేస్తారు. ఒకదాని మీద ఒకటి రెండు కండోమ్‌లు వేసుకుంటే భద్రత పెరగదు, రాపిడికి చిరుగుతాయి. కొబ్బరినూనె, వ్యాజిలిన్ తగిలినా రబ్బరు పాడవుతుంది.

జాగ్రత్త జారేది ఎక్కువగా నమ్మకం దగ్గర. కొత్త కస్టమర్‌తో గట్టిగా ఉండే మనిషి కూడా రోజూ వచ్చేవాడితో, మనసిచ్చినవాడితో కండోమ్ మానేస్తుంది. అతనికి ఇంట్లో భార్య ఉంటుంది. ఆవిడకి ఇదంతా తెలియనే తెలియదు.

కండోమ్ చిరిగితే 72 గంటల్లోపు, వీలైతే అదే రోజు, ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. డాక్టరు అవసరమనుకుంటే హెచ్‌ఐవి సోకకుండా 28 రోజుల మందులు మొదలుపెడతారు. సోకిన వెంటనే చేసే పరీక్షలో ఏమీ కనబడకపోవచ్చు, మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. పాజిటివ్ అని వచ్చినా 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా మందులిస్తోంది. రోజూ మానకుండా వేసుకుని, రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే నిలిచినవాళ్ల నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు.

పోలీసులు కండోమ్‌లు చూసి కేసు పెడతారన్న భయం చాలామంది మహిళల్లో ఉంది. అవి నేరానికి సాక్ష్యం కావని 2022 మేలో సుప్రీంకోర్టు ఆదేశాల్లోనే వచ్చింది. ఇక పరీక్ష సంగతి బయటపడుతుందేమోనని జంకేవాళ్లకు 2017 నాటి హెచ్‌ఐవి చట్టం అండగా ఉంది: మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఇతరులకు చెప్పకూడదు. ఏ సందేహమున్నా 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.