జంట జలాశయాల గేట్లెత్తారు, మరి మన కుక్క, పిల్లి సంగతేంటి?

[విజువల్: మూసారాంబాగ్ దగ్గర పొంగుతున్న మూసీ]

హైదరాబాద్‌లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లెత్తారని టీవీలో స్క్రోలింగ్ వస్తోందంటే, మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ వైపు వాళ్లకి సర్దుకోవడానికి కాస్త టైమ్ ఉన్నట్టే. చెరువు కింద, నాలా పక్కన కాలనీలకి ఆ వెసులుబాటు ఉండదు. 2020 అక్టోబరులో రాత్రికి రాత్రే ఇళ్లలోకి నీళ్లొచ్చేశాయి. అలాంటిచోట ఉంటే భారీ వర్ష హెచ్చరిక రాగానే కుక్కనీ పిల్లినీ పై అంతస్తుకి చేర్చేయండి. వాన రాకపోతే దింపుకుంటాం, పోయేదేముంది?

[విజువల్: సెల్లార్‌లో పిల్లర్‌కి కట్టేసిన కుక్క]

ముందు ఈ గొలుసు విప్పండి. కట్టేసిన కుక్కకి ఎంత ఈత వచ్చినా లాభం లేదు. వాచ్‌మన్ చూసుకుంటాడులే అనుకోవద్దు, ఆయనకీ పెళ్లాం పిల్లలున్నారు.

బయటికి తీసుకెళ్తుంటే మెడపట్టీ కన్నా ఛాతీకి వేసే హార్నెస్ నయం. గింజుకున్నా తల జారిపోదు. నీళ్లలో నడిపించకండి, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలీదు. పడవ ఎక్కించేముందు భయంతో కరిచేలా ఉంటే చున్నీని మూతి చుట్టూ ఒక చుట్టు తిప్పి, గడ్డం కింద ముడేసి, రెండు కొసలూ చెవుల వెనక్కి తెచ్చి కట్టండి. ఊపిరాడాలి సుమా! రొప్పుతున్నా, వాంతి చేసుకుంటున్నా వద్దు. పడవ దిగగానే విప్పేయండి.

[విజువల్: రెండు కూరగాయల ట్రేలు]

పిల్లితోనే అసలు టెన్షన్. కంగారు పడితే బీరువా మీదెక్కి కూర్చుంటుంది. క్యారియర్ లేకపోతే రెండు ప్లాస్టిక్ ట్రేలు మూతికి మూతి ఆనించి నైలాన్ తాడుతో బిగించండి. ఇప్పట్నుంచే అందులో పాత చీర పరిచి, అక్కడే తిండి పెట్టండి. అలవాటైతే ఆరోజు తనే దూరుతుంది. చిలకల పంజరమైతే గుడ్డ కప్పితే చాలు.

ఎంత ప్రయత్నించినా వెంట తీసుకెళ్లడం కుదరకపోతే? కట్టేయొద్దు, గదిలో పెట్టి గొళ్లెం వేయొద్దు. మేడ మీదికి దారి తెరిచి, బరువైన గిన్నెలో మంచినీళ్లు పెట్టి, లోపల కుక్క ఉందని తలుపు మీద పెద్దక్షరాలతో రాయండి.

[విజువల్: సబ్బుతో కాళ్లు కడగడం]

వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది, దాంతో జంతువులకీ మనుషులకీ లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో, సబ్బుతో కడిగి, వేళ్ల సందులు ఆరబెట్టండి. కుక్కకి దీనికి టీకా ఉంది, ఏటా వేయించాలి. తిండి మానేసినా, వాంతులైనా, చిగుళ్లు పసుపు రంగుకి తిరిగినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, వరద నీళ్లలో తిరిగిందని చెప్పండి. మీకు జ్వరమొచ్చినా మీ డాక్టరుకీ అదే మాట చెప్పండి.