తెల్ల పిట్ట కనిపిస్తే ముందు దాని కన్ను చూడండి

నమస్కారం. బెంగళూరులో మేడమీద తోటలు పెంచుకునే మనవాళ్లు తెల్లకాకి ఫోటోనో, వెలిసిపోయిన గోరింక ఫోటోనో పంచుకుంటే చాలు, చూసినవాళ్లంతా "అల్బినో" అనేస్తారు. ఇది నాకు అస్సలు నచ్చదు. ఆ పిట్ట ఒంట్లో ఏం జరిగిందో అడగకుండానే విషయం ముగిసిపోతుంది. పైగా నిజమైన అల్బినో పక్షి పెరిగి పెద్దదై మన తోటలో వాలడం చాలా అరుదు.

ఈకను ఒక గోడ అనుకోండి. నలుపు, బూడిద, గోధుమ వన్నెలు మెలనిన్ అనే రంగువి. దాన్ని వేసే పెయింటర్లు ప్రత్యేకమైన కణాలు. పిల్ల గుడ్డులో ఉండగానే అవి వెన్ను వైపు నుంచి బయలుదేరి ఒళ్లంతా చేరుకోవాలి. అల్బినోలో పెయింటర్లు వచ్చారు, నిచ్చెన వేశారు, డబ్బాలో రంగే లేదు. రంగు తయారీకి కావలసిన టైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిచేయదు. కంటిలోనూ రంగు ఉండదు కాబట్టి లోపలి రక్తం కనబడి కన్ను ఎర్రగా ఉంటుంది. చూపు సరిగా ఆనదు, ఎండను తట్టుకోలేదు. అందుకే చాలావరకు చిన్నప్పుడే చనిపోతాయి.

పిట్ట తెల్లబడే ఇంకో తీరు పేరు ల్యూసిజం. ఇందులో డబ్బా నిండుగా ఉంది, పెయింటరే రాలేదు. కొన్ని గోడలకు రాకపోతే తెల్లమచ్చలు, ఏ గోడకూ రాకపోతే పిట్ట మొత్తం తెలుపు. అయినా కన్ను మామూలు రంగులోనే ఉంటుంది! నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. కంటిలోపలి పొరకు రంగు వేసే కణాలు అక్కడే పుట్టి అక్కడే పనిచేస్తాయి, బయటి పెయింటర్ కోసం ఎదురుచూడవు.

ఎరుపు, పసుపు రంగులు వేరే దుకాణానివి. పిగిలిపిట్ట తోక కింద ఎరుపు తిండి ద్వారా వచ్చే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలది. అందుకే ఒళ్లంతా తెల్లబడ్డ పిగిలిపిట్టకు కూడా ఆ ఎరుపు మిగలవచ్చు. రామచిలుక ఇంకా అద్భుతం. దాని పచ్చదనంలో సగం పని మెలనిన్‌దే. అది లేకపోతే చిలుక తెల్లబడదు, పసుపుపచ్చగా మారుతుంది.

సమయం అయిపోతోంది, మిగతావి త్వరగా చెబుతాను. కొన్ని పక్షుల్లో పెయింటర్లు ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కరే పని మానేస్తారు, ఈకలు రాలి మొలిచిన ప్రతిసారీ తెలుపు పెరుగుతుంది. కాకి రెక్కల్లో తెల్లని పట్టీలుంటే పోషకాహార లోపం కావచ్చు, మంచి తిండి దొరికితే తర్వాతి ఈకల్లో నలుపు తిరిగి రావచ్చు. కాకులకు రొట్టెముక్కలు మాత్రమే వేయకండి, దయచేసి. ఇక చలికాలంలో లాల్‌బాగ్ లాంటి చోట్ల పొడవాటి రిబ్బను తోకతో తెల్లని పిట్ట ఎగిరితే అది ఇండియన్ ప్యారడైజ్ ఫ్లైక్యాచర్ మగపిట్ట, దాని తెలుపు సహజమే. తెల్ల పావురాలు మనుషులు పెంచినవాటి సంతానం.

తెల్లగా ఉంది, కాపాడతాం అని పట్టుకుని పంజరంలో పెట్టకండి. రామచిలుకల వంటి మన అడవి పక్షులను పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఫోటో తీసేటప్పుడు కన్ను స్పష్టంగా పడేలా చూడండి, తేదీ, చోటు రాసి చూసిన పక్షుల వివరాలు రాసుకునే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేయండి.