లారీకి సొంత స్కానర్ కొనాలా? వాడి చూసి చెబుతున్నా

అన్నలూ, తమ్ముళ్లూ, అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్ నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల గ్రైండర్ మోత వినిపిస్తుంది, ఇక్కడ పగలంతా అంతే. కాస్త సౌండ్ పెంచుకుని వినండి.

నా చేతిలో ఉన్నది లారీ స్కానర్, అంటే బండిలోని కంప్యూటర్‌కు తగిలిస్తే ఏ భాగంలో లోపం ఉందో కోడ్ నంబర్లలో చూపించే పరికరం. కంపెనీ వాళ్లే పంపారు. డబ్బులు తీసుకోలేదు కానీ, ఈ స్కానర్ మాత్రం నన్నే ఉంచుకోమన్నారు. ముందు ఈ సంగతి మీకు తెలియాలి. స్క్రీన్ ఎంత, బ్యాటరీ ఎంత, ఏయే బండ్లకు పనికొస్తుంది అనేవి మీరు ఈపాటికే ఎక్కడో చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను. సొంత బండిని సొంతంగా నడుపుకునే మనలాంటి వాళ్లకు దీనివల్ల రిపేరు ఖర్చు తగ్గుతుందా? నాకు కావాల్సింది అదొక్కటే.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చింది కదా, అదే పొగ కాలుష్యం తగ్గించే కొత్త నిబంధన. అంతకు ముందు నేను నడిపిన బండికి కంప్యూటర్ లేని మెకానికల్ డీజిల్ పంపు. పొగ రంగు చూసి, ఇంజన్ మోత విని, నాజిల్ పోయిందో వాల్వు సెట్టింగ్ తప్పిందో మేస్త్రి చెప్పేసేవాడు. ఇప్పుడు సైలెన్సర్ దగ్గరే చిన్నపాటి ఫ్యాక్టరీ ఉంది. మసిని పట్టే ఫిల్టర్, యూరియా ద్రావణం చల్లే నాజిల్, దాని తర్వాత పొగలోని విషవాయువును తగ్గించే క్యాటలిస్ట్, ఆ వాయువు (నాక్స్) ఎంతుందో కొలిచే నాక్స్ సెన్సార్లు ముందొకటి వెనకొకటి. వీటిలో ఏది తేడా చేసినా డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలుగుతుంది. పట్టించుకోకపోతే కంప్యూటరే ఇంజన్ పవర్ తగ్గించేస్తుంది. జగ్గయ్యపేటలో సిమెంటు ఎత్తుకుని వస్తూ, కీసర టోల్‌గేట్ దాటాక బండి లాగడం మానేస్తే ఎంత టెన్షనో పడినవాళ్లకు తెలుసు. బండి ఆగితే కిరాయి పోతుంది, ఫైనాన్స్ వాయిదా మాత్రం తేదీ ప్రకారం కట్టాల్సిందే.

అప్పుడు షాపుకి వెళితే ఏం జరుగుతుంది? స్కానర్ పెడతారు, నాక్స్ సెన్సార్ అని వస్తుంది, మార్చాలంటారు. ఆ సెన్సార్ ధర వేలల్లో ఉంటుంది. మార్చాక మళ్లీ లైటు వెలిగితే ఇంకోటి మార్చాలంటారు. తీసేసిన సామాను మంచిదో చెడ్డదో మనకు తెలియదు. బిల్లు మాత్రం కట్టి వస్తాం.

ఈ స్కానర్‌లో నాకు బాగా నచ్చింది ఇక్కడే ఉంది. నా బండిలో ఇది ప్రతి కోడ్‌కీ రెండు నంబర్లు చూపిస్తుంది: ఎస్‌పీఎన్, ఎఫ్‌ఎంఐ. మొదటిది ఏ భాగం గురించో చెబుతుంది. 3216 అంటే ముందున్న నాక్స్ సెన్సార్, 3226 అంటే వెనకది, 100 అంటే ఇంజన్ ఆయిల్ ప్రెషర్. రెండోది ఏ రకం లోపమో చెబుతుంది. షాపుల్లో మనకు చెప్పేది మొదటి నంబరే. డబ్బు ఆదా చేసేది రెండోది. 3 వస్తే వోల్టేజీ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ, 4 వస్తే తక్కువ, 5 వస్తే కరెంటు సరిగా పారట్లేదు, వైరు తెగి ఉండొచ్చు. 9 వస్తే ఆ భాగం నుంచి సమాచారం సరిగా అందట్లేదు. ఈ నాలుగింటిలో ఏది కనిపించినా కొత్త సామాను కొనకముందు వైరింగ్ చూడాలి. ఫ్యూజు, ఎర్తు, కనెక్టర్ పిన్నులు, ఛాసిస్‌కు రాసుకుని పొట్టు లేచిన వైరు. ఇవి చూడటానికి ఒక మల్టీమీటర్, ఓపిక ఉంటే చాలు.

మా పక్క వీధి అన్న బండి సంగతి చెబుతాను. ఇబ్రహీంపట్నం థర్మల్ నుంచి బూడిద తోలతాడు. లైటు వెలిగింది, పవర్ తగ్గింది. ఒక షాపులో వెనక నాక్స్ సెన్సార్ మార్చాల్సిందే అన్నారు. ఆయన నా దగ్గరికి వస్తే ఇది పెట్టి చూశాం. 3226, పక్కన 9. కనెక్టర్ విప్పి మీటర్ పెడితే సెన్సార్‌కు కరెంటే అందట్లేదు. పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదొచ్చినప్పుడు ఆ బండి సింగ్‌నగర్ వైపు నీళ్లలో నిలబడింది. అప్పుడు లోపలికి వెళ్లిన తడి నెమ్మదిగా పిన్నును తినేసింది. వైరింగ్ మేస్త్రి పిన్ను మార్చాడు, లైటు ఆరింది, పాత సెన్సార్‌తోనే బండి నడుస్తోంది. ఆ అన్న ముఖం చూశాక ఈ స్కానర్ మీద నాకు గురి కుదిరింది. వరద నీళ్లు చూసిన బండి ఎవరిదైనా సరే, ఒకసారి కింద కనెక్టర్లన్నీ విప్పి చూపించండి.

ఇంతకు ముందు కార్లకు పెట్టే బ్లూటూత్ డాంగుల్, అంటే ఫోన్‌లో కోడ్ చూపించే చిన్న పరికరం కూడా వాడి చూశాను. దాన్ని మన బండికి పెట్టవద్దు. కారుది 12 వోల్టులు, మన లారీది 24. చౌక డాంగుల్ కాలిపోవచ్చు, పైగా చాలా కోడ్లు దానికి అర్థం కావు. అలాంటి దానికి పెట్టిన డబ్బు దండగ.

స్కానర్‌లో లైవ్ డేటా, అంటే సెన్సార్లు అప్పటికప్పుడు చూపించే రీడింగులు బాగున్నాయి. యూరియా నాణ్యత కనిపిస్తుంది. మనం పోసే ద్రావణంలో యూరియా 32.5 శాతం ఉండాలి, మిగతాది శుద్ధి చేసిన నీరు. మన విజయవాడ ఎండల్లో క్యాన్‌ను బండి మీద నెలల తరబడి పడేస్తే అది పాడవుతుంది. నీడలో పెట్టండి, ఊరూపేరూ లేని క్యాన్లు కొనవద్దు.

ఇక నాకు ఒళ్లు మండిన విషయం. మసి ఫిల్టర్ నిండినప్పుడు బండిని నిలబెట్టి, లోపలి మసిని కాల్చేసే రీజనరేషన్ ఉంటుంది కదా, దానికి ఇందులో ఒక బటన్ ఇచ్చారు. నొక్కగానే మొదలైపోతుంది. అడిగేది ఒక్క ముక్క, అదీ ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. ఆ సమయంలో ఫిల్టర్ లోపల వేడి 500 డిగ్రీలు దాటుతుంది, సైలెన్సర్ నుంచి వచ్చే గాలి కూడా సెగలు కక్కుతుంది. గుంటూరు మిర్చి యార్డు దగ్గర, గోనెసంచుల పక్కన, ఎండు గడ్డి మీద బండి పెట్టి ఎవరైనా దీన్ని నొక్కితే ఏమవుతుందో ఆలోచించండి. బండీ, సరుకూ, మనుషులూ అందరికీ ప్రమాదం. కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి ఇదే చెప్పాను: పూర్తి స్క్రీన్ మీద తెలుగులో హెచ్చరిక పెట్టండి, అది చదివాకే బటన్ పనిచేయాలి. చేసేదాకా ప్రతి వీడియోలో ఈ మాట అంటూనే ఉంటాను. మీరు మాత్రం ఖాళీ స్థలంలో, సిమెంటు నేల మీద, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకునే చేయండి. ఎలా చేయాలో తెలిసిన మేస్త్రి పక్కన ఉంటే ఇంకా మంచిది.

కేబుల్ పొట్టిగా ఉంది, సీటులో కూర్చుని చూడలేం. ఇది చిన్న సంగతే.

కమాన్ పట్టీలు, బ్రేక్ లైనర్లు, క్లచ్ ప్లేటు, టైర్లు, వీటి గురించి ఏ స్కానర్ ఏమీ చెప్పదు. గ్రీసు పెట్టాల్సిందే, ఎయిర్ ట్యాంకులో నీళ్లు వదలాల్సిందే.

మరి కొనాలా? బీఎస్6 బండి ఉండి, వారంటీ అయిపోయినవాళ్లు కొనండి, నేను గట్టిగానే చెబుతున్నాను. ఒక్కరికే భారమైతే ఒకే యార్డులో బండ్లు పెట్టుకునే నలుగురు కలిసి తీసుకోండి. వారంటీలో ఉన్నవాళ్లు కోడ్ చూసుకోండి కానీ వైర్లు విప్పవద్దు, తర్వాత క్లెయిమ్ దగ్గర గొడవ అవుతుంది. పాత మెకానికల్ పంపు బండ్లవాళ్లకు దీని అవసరమే లేదు.

లైటు వెలిగితే కోడ్ చెరిపేయకముందే రెండు నంబర్లూ కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోండి. బండి మోడల్, సంవత్సరం, ఆ రెండు నంబర్లు కామెంట్లో రాయండి. మా వైరింగ్ మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని జవాబులు ఇస్తాను.