పన్నెండో తరగతి ముందు ఊరు మారితే

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఏదో ఒక వేసవిలో సామాను సర్దుకుని అమెరికాలోనే ఇంకో రాష్ట్రం వెళ్లినవాళ్లే. పిల్లలు చిన్నవాళ్లయితే నెల తిరక్కుండానే కలిసిపోతారు. పదకొండో తరగతి పూర్తయిన పిల్లాడితో వెళ్తే ఆ కథే వేరు. మా ఇంట్లో అదే జరిగింది కాబట్టి నన్ను మాట్లాడమన్నారు.

2023 మే నెలలో మావారి ఉద్యోగం పోయింది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి చేతిలో ఉండేది 60 రోజులు. టెక్సాస్‌లోని డాలస్‌లో ఉద్యోగం దొరికింది. జూలై మొదటి వారంలో న్యూజెర్సీ నుంచి బయల్దేరాం. మూడు రోజుల ప్రయాణంలో మావాడు చెవుల్లోంచి ఇయర్‌బడ్స్ తీస్తే ఒట్టు.

నేను చేసిన తప్పు ముందు చెప్తాను. పెట్టెలు సర్దే హడావిడిలో పాత స్కూల్‌కి వేసవి సెలవులిచ్చేలోపు టీచర్లను కలవలేదు. కాలేజీ అప్లికేషన్‌కి రికమండేషన్ లెటర్ అడగాల్సింది సాధారణంగా పదకొండులో పాఠాలు చెప్పినవాళ్లనే. స్కూల్ మారినా వాళ్లే రాయొచ్చు. కానీ జూలైలో ఫోన్ చేస్తే ఆఫీసులో వాయిస్ మెయిల్ తప్ప ఎవరూ లేరు. చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంది, చాలా కాలేజీలకు ఎర్లీ, అంటే ముందుగా అప్లై చేసే గడువు నవంబర్ 1. ఇంట్లో ఒకటే టెన్షన్. ఆగస్టు చివర్లో ఫిజిక్స్ మేడమ్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది: "ఎప్పుడడుగుతావా అని చూస్తున్నాను."

ఇక కౌన్సిలర్. అంటే స్కూల్లో పిల్లల చదువు, కాలేజీ సంగతులు చూసే ఆవిడ. పిల్లాడి గురించి కాలేజీలకు స్కూల్ రిపోర్ట్ పంపాల్సింది కొత్త స్కూల్ కౌన్సిలరే. ఒక్కరికి 250 మంది పిల్లలుంటే మేలంటారు, ఆవిడ చేతికింద 400 పైనే. పాపం, ఆరు వారాల పరిచయంతో ఏం రాస్తుంది? మావాడు తన గురించి ఒక పేజీ రాసి ఇచ్చాడు. పాత కౌన్సిలర్‌ని కూడా ఆవిడకు నాలుగు మాటలు రాయమని అడిగాం. స్కూల్ ఎందుకు మారిందో అప్లికేషన్‌లో చెప్పుకునే చోటుంది. వాడు మొదట రాసిన ఏడుపంతా తీసేసి మూడు వాక్యాలు ఉంచాం.

ర్యాంకు సంగతి నాకు అసలు తెలియదు. టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం క్లాసులో మొదటి పది శాతంలో ఉంటే రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో మాత్రం ఆ గీత మావాడి ఏడాదికి 6 శాతం, 2026 అడ్మిషన్లకు 5. కొత్తగా వచ్చినవాళ్లను ఆ లెక్కలోకి ఎప్పుడు తీసుకోవాలో ఆ ప్రాంతపు స్కూల్ డిస్ట్రిక్టు నియమాలు చెప్తాయి. పాత మార్కుల వెయిటేజీ కూడా మళ్లీ లెక్కవేస్తారు. ఇల్లు అద్దెకు తీసుకునే ముందే ఇది కనుక్కోండి. మేము వంటగది చూసి తీసుకున్నాం.

ఒక్కటి మాత్రం కలిసొచ్చింది. ప్రభుత్వ యూనివర్సిటీలో టెక్సాస్ వాళ్లకుండే తక్కువ ఫీజు పడాలంటే తల్లో తండ్రో క్లాసులు మొదలయ్యేసరికి 12 నెలలుగా ఇక్కడ స్థిరపడి ఉండాలి. జూలైలో వచ్చాం కాబట్టి సరిపోయింది. అక్టోబర్‌లో వచ్చుంటే మొదటి సెమిస్టర్‌కి బయటివాళ్ల ఫీజే.

తండ్రి ముందు వెళ్లి, తల్లీ పిల్లాడూ ఏడాది ఆగితే మంచిదా అని అడుగుతుంటారు. వీసా, అద్దె కుదిరితే ఆగండి, కానీ ముందు పిల్లాణ్ణి అడగండి. మేము అడగలేదు.

ఈ వేసవిలో మారేవాళ్లుంటే టీ దగ్గర కలవండి. టీచర్లతో మాట్లాడారా అనే నేను మొదట అడిగేది.