ట్యాంకరు నిజంగా ఎన్ని ట్రిప్పులు తోలింది?

(ఒంగోలు స్టూడియోలో జరిగిన చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు ముగ్గురు: పొదిలి వైపు ఒక పల్లెకు 2021లో సర్పంచ్‌గా గెలిచిన మహిళ, రాష్ట్ర ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైన అధికారి, నెల్లూరు నగరంలో ఇంటి పన్ను కడుతున్న విశ్రాంత లెక్చరర్. పేర్లు వద్దన్నారు. ఒకరి మాట మీద ఒకరు పడిన చోట్ల కొంత కత్తిరించాం. ఆ పడటాలు తక్కువేమీ కాదు.)

యాంకర్: అమ్మా, మీతోనే మొదలుపెడతాను. పడమటి ప్రకాశంలో ఎండాకాలం వస్తే చాలా ఊళ్లకు ట్యాంకర్లే దిక్కు. ఆ బిల్లుల్లో సర్పంచులు తింటారని జనం అంటారు. మిమ్మల్నీ అన్నారా?

సర్పంచ్: అనకుండా ఎట్టుంటారు సార్? నీళ్లు రాకపోతే ముందు తిట్టేది నన్నే. పంచాయతీ చేతిలో డబ్బు ఎంతుందో మాత్రం ఎవురూ అడగరు. 15వ ఆర్థిక సంఘం నిధులు, అంటే కేంద్రం పంచాయతీలకిచ్చే డబ్బు, వచ్చాయని పేపర్లో చూసి ఇంటి మీదకొస్తారు. అందులో 60 శాతం నీళ్లకీ పారిశుద్ధ్యానికే పెట్టాల. మిగతా 40 మన అవసరాన్ని బట్టి వాడుకోమన్నారు, అదీ జీతాలకు ముట్టుకోకూడదు. వాడుకుందామంటే మిగిల్చిందేదీ? కరెంటు బకాయిల కింద పైనుంచే జమేసుకున్నారు. పార్టీలతో పనిలేకుండా సర్పంచులంతా రోడ్డెక్కింది దానికేగా. ఇంటి పన్ను వసూలు చేసినా ట్రెజరీకే పోవాల. బిల్లు పెడితే ఎప్పుడు పాసైద్దో ఆ దేవుడికే ఎరుక.

ఆడిట్ అధికారి: ఆవిడ చెప్పింది నిజమే. కానీ రావాల్సిన డబ్బు ఎక్కడ ఆగిందనేది ఒక సంగతి. ఖర్చయిందని రాసిన డబ్బు నిజంగా ఖర్చయిందా అనేది ఇంకో సంగతి. మొదటిది చెప్పి రెండోదాన్ని దాటేస్తామంటే కుదరదు.

సర్పంచ్: నేను దాటెయ్యలేదు సార్, మొదలు చెప్పా అంతే.

యాంకర్: సరే, రెండోదానికే వద్దాం. ట్యాంకరు బిల్లులో మీరు ముందు ఏం చూసేవారు?

ఆడిట్ అధికారి: కూడికలు చూసేవాణ్ణి కాదు. దొంగ బిల్లు రాసేవాడు కూడిక ఎందుకు తప్పుతాడండీ? (నవ్వులు) నేను చూసేది టైము. ఒక లెక్క చెప్తా, ఉదాహరణకే సుమా. బోరు ఊరికి 12 కిలోమీటర్లు ఉందనుకోండి. ట్రాక్టరు నిండు ట్యాంకరుతో రావడానికి ముప్పావు గంట, ఖాళీగా పోవడానికి ఇంచుమించు అంతే. నింపడానికి అరగంట. వీధుల్లో బిందెలకు పట్టి ఖాళీ చేయడానికి గంట. అంటే ట్రిప్పుకు మూడు గంటలు. తెల్లారుజామున 5కి ఎక్కి రాత్రి 8కి దిగినా ఒక ట్రాక్టరు ఐదు ట్రిప్పులకు మించదు. పుస్తకంలో అదే ట్రాక్టరు నంబరు మీద తొమ్మిది ఉంటే?

యాంకర్: ఇంకో బండి తోలింది అంటారు.

ఆడిట్ అధికారి: అప్పుడు ఆ బండి నంబరు ఏదీ? ఇంకొకటి కూడా చూడాలి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు దాదాపు 90 మందికి సరిపోవాలి. 900 మంది ఉన్న ఊళ్లో రోజుకు 10 ట్రిప్పులు రాసి, ఆడవాళ్లు ఇంకా బిందెకు కొట్లాడుకుంటున్నారంటే ఆ నీళ్లు ఎటో పోయాయి. లేదా అసలు రాలేదు.

సర్పంచ్: సార్, ఒక మాట. ట్రిప్పు షీటు మీద సంతకాలు మాకు తెల్వకుండా ఐపోతయ్యి. నీళ్లు పట్టుకునే ఆడోళ్లతో సంతకం చేయించమని నేను పట్టుబడితే, తోలే అతను "బిల్లు రెండేళ్లకొచ్చిద్దో లేదో, మళ్లీ ఈ సోది కూడానా" అని బండి ఆపేశాడు. రెండు రోజులు నీళ్లు లేవు. మూడో రోజు ఆ ఆడోళ్లే వచ్చి నన్ను తిట్టారు. ఎట్ట చెయ్యాల చెప్పండి?

(కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆడిట్ అధికారి నీళ్లు తాగారు.)

ఆడిట్ అధికారి: ఆ చిక్కు నిజమైనదే. బిల్లు ఆలస్యమయ్యేకొద్దీ లేని ట్రిప్పులు కలపడానికి తోలేవాడికి ఒక సాకు దొరుకుతుంది. మేము వెళ్లేది ఏడాది తర్వాత. అభ్యంతరం రాస్తాం, సర్‌చార్జి నోటీసు, అంటే నష్టపోయిన డబ్బు తిరిగి కట్టమనే నోటీసు, వెళ్లేసరికి పంచాయతీ సెక్రటరీ మూడు ఊళ్లు మారి ఉంటాడు. పట్టుకోవాల్సింది నీళ్లు దిగే వీధిలోనే, ఆ రోజే.

యాంకర్: లెక్చరర్ గారూ, మీ నెల్లూరులో ట్యాంకరు గోల లేదు కదా?

లెక్చరర్: వేరే గోలలున్నాయి లెండి. నేను ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను మొత్తం కట్టేస్తా, 5 శాతం తగ్గిస్తారని. నేను అడిగేది చిన్న విషయం. పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలు చేసేది. పంచాయతీ అయినా, మున్సిపాలిటీ అయినా, కార్పొరేషన్ అయినా వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వెయ్యి రూపాయల పన్నుకు 80 రూపాయలు. అది పుస్తకాలకే ఇచ్చా, వీధి దీపాలకు కాదు. అది చేరిందా లేదా అని అడిగితే ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు తిప్పారు.

సర్పంచ్: మా ఊళ్లో కూడా పేరుకుపోయింది సార్ ఆ సెస్సు. పైసలుంటేగా కట్టేది.

లెక్చరర్: అమ్మా, అది మీ డబ్బు కాదు కదా! మా దగ్గర తీసుకొని వాళ్లకివ్వాల్సింది. మధ్యలో ఖర్చు పెట్టుకోవడమేంది?

సర్పంచ్: ...అది ఒప్పుకుంటా.

యాంకర్: మరి అడగాల్సింది గ్రామసభలోనే కదా. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు.

ఆడిట్ అధికారి: పెట్టారు, ఉపాధి హామీ పనులు తీర్మానించారు. మంచిదే. కానీ 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గడిచిన ఏడాది జమాఖర్చులు, ఆడిట్ రిపోర్టు కూడా గ్రామసభ ముందు పెట్టాలి. చేయబోయే పనుల జాబితా చదివితే చప్పట్లు పడతాయి. చేసిన ఖర్చు చదవమంటే మైకు పనిచేయదు.

యాంకర్: చదవకపోతే?

ఆడిట్ అధికారి: సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజే లేదు. మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. లెక్కల పుస్తకం అక్కడే కూర్చుని చూస్తానన్నా సరే, మొదటి గంట ఉచితం.

సర్పంచ్: ఆ పుస్తకం ఏ బీరువాలో ఉందో వెతికేదానికే ఆ గంట ఐపోతది సార్.

ఆడిట్ అధికారి: అందుకే "ట్యాంకర్ల వివరాలు ఇవ్వండి" అని గుత్తగా రాయకూడదమ్మా. మే నెల ట్రిప్పు షీట్లు, బండి నంబర్లతో సహా, ఫలానా వీధివి అని రాయాలి. ఆ వీధి వాళ్లే రాయాలి.