నిషేధించిన స్పఘెట్టి రాకెట్టుతో హనుమకొండలో ఆడి చూశాం | రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ టెన్నిస్ రాకెట్టును కాస్త దగ్గరగా చూడండి. మామూలు రాకెట్టులో నిలువు స్ట్రింగులు, అడ్డ స్ట్రింగులు చాప అల్లినట్టు ఒకదాని పైనుంచి, ఇంకోదాని కిందినుంచి పోతాయి. ఇందులో ఆ అల్లికే లేదు. ముందు ఒక వరుస నిలువు స్ట్రింగులు, వెనుక ఇంకో వరుస, రెండింటి నడుమ అయిదే అడ్డ స్ట్రింగులు. నిలువు వాటికి సన్నని ప్లాస్టిక్ గొట్టాలు తొడిగాం. వేలితో ఇలా నెడితే వరుసంతా పక్కకు జరుగుతుంది, వదిలితే చటుక్కున వెనక్కి వస్తుంది. 1977లో పెద్ద పెద్ద ఆటగాళ్లకు చెమటలు పట్టించి, ఆ ఏడాదే నిషేధానికి గురైన స్పఘెట్టి రాకెట్టు ఇలాగే ఉండేది. నా చేతిలో ఉన్నది నకలు.

గట్టింగ్ వేసే, అంటే రాకెట్టుకు స్ట్రింగులు బిగించే అన్న మొదట ఒప్పుకోలేదు. "ఇలా వేసి ఇచ్చానని తెలిస్తే నా దుకాణానికి ఎవరూ రారు" అన్నాడు. పాత అల్యూమినియం ఫ్రేము తెచ్చి బతిమాలితే, బిగింపు బాగా తగ్గించి వేశాడు. గొట్టాలు తొడగడానికే సగం రోజు పట్టింది. చివరికి ఆయనే ముచ్చటపడి, రెండు బంతులు కొట్టి చూశాడు.

అసలు దీన్ని కనిపెట్టినది జర్మనీలోని బవేరియాకు చెందిన వెర్నర్ ఫిషర్. ఆయన రాకెట్ల ఇంజనీరు కాదు, తోటల పెంపకం వృత్తిగా ఉన్న మనిషి. 1977 యు.ఎస్. ఓపెన్‌లో మైక్ ఫిష్‌బాక్ అనే అమెరికన్ ఇలాంటి గట్టింగును సొంతంగా వేసుకొని దిగాడు. ర్యాంకు రెండు వందల దరిదాపుల్లో ఉన్న ఆటగాడు. అటువంటివాడు మొదట బిల్లీ మార్టిన్‌ను, తరువాత ఏకంగా స్టాన్ స్మిత్‌ను ఓడించాడు. స్మిత్ అంటే 1972 వింబుల్డన్ విజేత!

అసలు గొడవ ఫ్రాన్స్‌లో ముదిరింది. పారిస్‌లో ఈ రాకెట్టు పట్టిన జార్జ్ గోవెన్ చేతిలో రొమేనియా ఆటగాడు ఇలీ నాస్టాసే ఓడిపోయాడు. ఓడినవాడు ఊరుకున్నాడా? కొద్ది రోజులకే ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ ఫైనల్లో తానే దాన్ని పట్టుకొని అర్జెంటీనా ఆటగాడు గిల్లెర్మో విలాస్ ఎదుట నిలబడ్డాడు. అప్పటికి విలాస్ మట్టి కోర్టుల మీద వరుసగా 53 మ్యాచులు గెలిచి ఉన్నాడు. రెండు సెట్లు పోయాక విలాస్ ఇక ఆడనని కోర్టు విడిచి వెళ్లిపోయాడు. అక్టోబరులోనే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య తాత్కాలిక నిషేధం పెట్టింది, 1978లో దాన్ని శాశ్వతం చేసింది. ఇందులో నాకు నవ్వు తెప్పించే సంగతి ఒకటుంది. అంతవరకు రాకెట్టు ఎలా ఉండాలో నిబంధనల్లో నిర్వచనమే లేదు. చీపురు పట్టుకొని దిగినా ఆపడానికి అంపైరు దగ్గర రూలు లేదన్నమాట.

సరే, ఆట దగ్గరకు వద్దాం. ఎండ ముదరకముందే ఒక క్లబ్బు మట్టి కోర్టులో ఆడాం. ఏప్రిల్‌లో వరంగల్ ఎండ గురించి మీకు నేను చెప్పాలా? అవతల ఉన్నది యూనివర్సిటీ జట్టుకు ఆడే తమ్ముడు. నేను కొట్టిన మొదటి ఫోర్‌హ్యాండ్ బయటికి పోతుందనుకొని వదిలేశాడు. అది బేస్‌లైను లోపలే దిగి, అతని భుజం ఎత్తుకు లేచింది. రాకెట్టును కిందినుంచి పైకి గీస్తూ కొట్టినప్పుడు బంతి నిలువు స్ట్రింగులను తనతో లాక్కుపోతుంది. బంతి ఇంకా రాకెట్టు మీద ఉండగానే అవి వెనక్కి దూకుతాయి. ఆ తోపుతో స్పిన్, అంటే బంతి గిరగిరా తిరగడం, పెరుగుతుంది. ఇలా ముందుకు దొర్లినట్టు తిరిగితే టాప్‌స్పిన్ అంటారు. కిటుకంతా అక్కడే ఉంది.

దానికన్నా నన్ను ఆశ్చర్యపరిచినది శబ్దం. టక్కుమనే చప్పుడే రాదు. బంతి గట్టిగా తగిలిందో మెల్లగా తగిలిందో చెవికి అందక, తమ్ముడు ప్రతిసారీ ఆలస్యంగా కదిలాడు. ఇక వాలీ, అంటే బంతి నేలను తాకకముందే కొట్టడం అంటారా, దండం పెట్టాలి. నెట్ దగ్గర బంతి ఎటు పోతుందో కొట్టిన నాకే తెలియలేదు. టాప్‌స్పిన్‌కు పదికి తొమ్మిది మార్కులు వేస్తాను, వాలీకి రెండు, సర్వీసుకు నాలుగు.

మరి నిషేధం సరైనదేనా? స్ట్రింగులు ఒకదానితో ఒకటి అల్లుకొని ఉండాలి, లేదా కలిసేచోట అతికి ఉండాలి, రెండు వైపులా ఆట ఒకేలా ఉండాలి అని రూలు. ఆ రూలు ఉండవలసిందే, లేకపోతే ఎవరికి తోచినట్టు వారు వేసుకొస్తారు. కానీ ఆట స్వభావాన్ని కాపాడామని సమాఖ్య చెప్పుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. స్ట్రింగు దేనితో చేయాలో ఆ రూలు చెప్పలేదు. 1997లో 66వ ర్యాంకుతో వచ్చిన గుస్తావో కుర్టెన్ నున్నని పాలియెస్టర్ స్ట్రింగులతో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. అల్లిక ఉన్నా అవి జారి వెనక్కి వస్తాయి, పని అదే. విలాస్ 53 మ్యాచుల రికార్డును 2006లో దాటిన నాదల్ రాకెట్టులో ఉన్నదీ పాలియెస్టరే!

రెండు పిడుల రాకెట్టు కూడా నిషేధమే కదా అని కామెంట్లలో అడుగుతున్నారు. కాదండి, అమెరికాకు చెందిన బాటిస్టోన్ సోదరులు దానితో ప్రొఫెషనల్ టోర్నమెంట్లు ఆడారు. పొడవు మాత్రం 29 అంగుళాలు దాటకూడదు.

ఇది చూసి పిల్లల రాకెట్లకు పాలియెస్టర్ వేయించాలనుకునే తల్లిదండ్రులు కాస్త ఆగండి. అది గట్టిగా ఉంటుంది, మోచేతి మీద భారం పడుతుంది. పైగా తెగకుండానే బిగువు పోతుంది, అప్పుడు మార్చక తప్పదు. చిన్నపిల్లలకు మెత్తని సింథటిక్ గట్టింగ్ చాలు, ఖర్చూ తక్కువే.